ఖాతాదారుల చిట్టా - వాటాదారుల బాధ్యత

హైదరాబాదు - విజయవాడ రహదారి మీద పల్లేరు దాటితే జగ్గయ్యపేట, మునేరు ఒడ్డున నందిగామ. పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి ఇవి రెండు ముఖ్యమైన వ్యాపార కేంద్రాలు. 2022 ఏప్రిల్ నుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. పత్తి, మిరప పండించే రైతులు విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అరువుకు తీసుకుపోవడం, పంట చేతికి వచ్చాక బాకీ తీర్చడం ఇక్కడి ఆనవాయితీ. అందువల్ల ఏ కొట్టుకు వెళ్లినా గల్లాపెట్టె పక్కన ఒక చిట్టా కనబడుతుంది. ఎవరు ఎప్పుడు ఏమి తీసుకున్నారు, ఎంత చెల్లించారు, ఎంత నిలవ ఉన్నది అన్న వివరాలు అందులో ఉంటాయి. అందులో లేనివి మరికొన్ని వ్యాపారి మనసులో ఉంటాయి. ఏ రైతు మాట మీద నిలబడతాడు, ఎవరింట పెళ్లి ఉన్నది, ఎవరు నిరుడు అలిగి పక్క కొట్టుకు పోయారు అన్నవి ఆ లెక్కలు.

వ్యవహారాన్ని వ్రాసి పెట్టుకోవడం ఇస్లాంలో కేవలం తెలివైన పని కాదు, అది ధర్మాదేశం కూడా. గడువు పెట్టి చేసే అప్పు వ్యవహారాలను వ్రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా 282వ ఆయతు బోధిస్తున్నది. ఖుర్ఆన్ మొత్తంలో అన్నిటికన్న పొడవైన ఆయతు ఇదే కావడం గమనించదగ్గది.

చిట్టాలో ఉన్న లెక్కనూ, వ్యాపారి మనసులో ఉన్న లెక్కనూ కలిపి యంత్రంలోకి ఎక్కించి, ఒక కొట్టుకు బదులు వేలమంది ఉద్యోగులున్న సంస్థకు పనికివచ్చేలా చేసిన సాధనాన్ని "సి.ఆర్.ఎమ్." సాఫ్ట్‌వేర్ అంటున్నారు. ఖాతాదారులతో సంబంధాలను నిర్వహించే సాఫ్ట్‌వేర్ అని దాని అర్థం. దీనిని తయారుచేసి అమ్మే కంపెనీలు నేడు ప్రపంచంలోని పెద్ద కంపెనీల సరసన నిలిచాయి. వాటి మధ్య పోటీ తీవ్రంగా ఉన్నది. ఆ పోటీతో మెట్ట ప్రాంతానికి ఏమి పని అని అడిగే వారికి సమాధానం చాలా దగ్గరలోనే దొరుకుతుంది. హైదరాబాదులోని అమీర్‌పేటలో ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకొని ఆ పని మీద ఉద్యోగాలు చేస్తున్న యువకులలో ఈ ప్రాంతపు పిల్లలు కూడా ఉన్నారు. ఇటువంటి కంపెనీలు పెద్ద ఉద్యోగాల వారికి జీతంతోపాటు తమ షేర్లు కూడా ఇస్తాయి. ఇంటి వద్ద ఉన్నవారు సైతం హజ్ కోసమో, ఆడపిల్ల పెళ్లి కోసమో కూడబెట్టిన సొమ్మును వడ్డీ బ్యాంకులో పెట్టడం ఇష్టంలేక, షేర్లలో పెడితే ఎట్లా ఉంటుందని ఆలోచిస్తున్నారు.

అప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయి. ఈ పోటీని వాటాదారుడు ఏ విధంగా అర్థం చేసుకోవాలి? ఆ వాటా హలాల్ అవునా, కాదా? చాలామంది ఈ రెండింటినీ వేరువేరు ప్రశ్నలుగా భావిస్తారు. మొదటిదాన్ని షేర్ల దళారీని అడిగి, రెండవదాన్ని ముఫ్తీ సాహెబును ఒక్కసారి అడిగితే సరిపోతుందని అనుకుంటారు. వాస్తవానికి ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. కంపెనీల పోటీ మారేకొద్దీ ఒకే వాటాకు సంబంధించిన షరీఅత్ లెక్క కూడా మారిపోతుంది.

అమ్మకం నుండి అద్దెకు

ఈ రంగం చరిత్ర పొడవైనది కాదు. 1993లో టామ్ సీబెల్ అనే అమెరికన్ స్థాపించిన సీబెల్ సిస్టమ్స్ కంపెనీ ఆ దశాబ్దం చివరికి ఈ వ్యాపారంలో అగ్రస్థానానికి చేరింది. ఆనాటి పద్ధతి ప్రకారం సాఫ్ట్‌వేర్‌ను ఒక వస్తువువలె అమ్మేవారు. కొన్న సంస్థ పెద్ద మొత్తం ఒకేసారి చెల్లించి, తన సొంత యంత్రాల్లో దాన్ని అమర్చుకోవలసి వచ్చేది. అమర్చడానికే నెలలు పట్టేది.

1999లో మార్క్ బెనియాఫ్, పార్కర్ హారిస్ మొదలైన వారు శాన్ ఫ్రాన్సిస్కోలో సేల్స్‌ఫోర్స్‌ను ప్రారంభించి ఈ పద్ధతిని తలక్రిందులు చేశారు. సాఫ్ట్‌వేర్‌ను కొననక్కరలేదు, ఇంటర్నెట్ ద్వారా వాడుకొని మనిషికి నెలకు ఇంత చొప్పున అద్దె చెల్లిస్తే చాలునన్నారు. 2000లో సీబెల్ కంపెనీ సభ జరుగుతున్న చోట సేల్స్‌ఫోర్స్ వారు నటులను పెట్టి, సాఫ్ట్‌వేర్ కాలం చెల్లిందని నినాదాలు చేయించారు. ప్రత్యర్థిని పలుచన చేసే ఈ పద్ధతి సద్వర్తనకు తగినదా అన్నది వేరే సంగతి. ఏమైనా గెలిచింది అద్దె పద్ధతే. సేల్స్‌ఫోర్స్ 2004 జూన్‌లో న్యూయార్క్ షేర్ మార్కెట్‌లో ప్రవేశించింది. అక్కడ దాని గుర్తు కూడా సి.ఆర్.ఎమ్. అన్న మూడక్షరాలే. సీబెల్‌ను ఓరకిల్ సంస్థ సుమారు 585 కోట్ల డాలర్లకు కొన్నది. 2006 ఆరంభంలో ఆ కొనుగోలు పూర్తయి, సీబెల్ అన్న ప్రత్యేక కంపెనీ లేకుండా పోయింది. ఒకప్పుడు ఎదురులేని కంపెనీని, ఏడేళ్ల వయసున్న కంపెనీ వెనక్కు నెట్టింది. ఈ రంగంలో వాటా కొనేవారు మొట్టమొదట గుర్తుంచుకోవలసిన పాఠం ఇదే.

అద్దె అన్న మాటను ఫిఖ్హ్ దృష్టితో చూస్తే ఇది "ఇజారా" కోవకు చెందుతుంది. వస్తువు యజమాని వద్దే ఉంటుంది, దాని ప్రయోజనాన్ని నిర్ణీత కాలానికి, నిర్ణీత రుసుముకు ఇతరులు వాడుకుంటారు. ఇందులో స్వతహాగా నిషిద్ధమైనది ఏదీ లేదు. మూల వ్యాపారం ధర్మసమ్మతమైనదే.

పోటీదారులు ఎవరు?

సేల్స్‌ఫోర్స్ ఆదాయం 2025 జనవరితో ముగిసిన సంవత్సరంలో సుమారు 3,790 కోట్ల డాలర్లు. అది ఎదిగింది తన సరుకు ఒక్కదానితోనే కాదు, ఇతర కంపెనీలను కొనడం ద్వారా కూడా. 2018లో మ్యూల్‌సాఫ్ట్‌ను, 2019లో టాబ్లోను, 2021లో సుమారు 2,770 కోట్ల డాలర్లకు స్లాక్‌ను కొన్నది. ఎదుగుదల నెమ్మదించగా 2023 జనవరిలో ఉద్యోగులలో పదోవంతు మందిని తొలగించింది. 2024లో, స్థాపించిన పాతికేళ్లకు, మొదటిసారి వాటాదారులకు లాభాంశం ప్రకటించింది.

రెండవ వైపు మైక్రోసాఫ్ట్ ఉన్నది. 2014 నుండి దాని అధిపతిగా ఉన్న సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టిన తెలుగువాడు. అధిపతి కాకముందు ఆయన ఈ రకపు వ్యాపార సాఫ్ట్‌వేర్ విభాగాన్ని కూడా నడిపారు. అయితే మైక్రోసాఫ్ట్‌లో సి.ఆర్.ఎమ్. ఒక చిన్న భాగం మాత్రమే. మైక్రోసాఫ్ట్ షేరు కొని సి.ఆర్.ఎమ్. పోటీలో వాటా కొన్నామనుకోవడం, ఒక గింజ కోసం బస్తా కొన్నట్లు ఉంటుంది.

మూడవ వైపు చిన్న, మధ్యతరగతి వ్యాపారులకు తక్కువ ధరకు ఇచ్చే కంపెనీలున్నాయి. 2006లో బ్రయన్ హలిగన్, ధర్మేష్ షా స్థాపించిన హబ్‌స్పాట్ వీటిలో ఒకటి. అది 2014లో షేర్ మార్కెట్‌కు వచ్చింది. మన పొరుగున ఉన్న చెన్నై ఈ రంగానికి రెండు పెద్ద పేర్లనిచ్చింది. శ్రీధర్ వెంబు మొదలైన వారు 1996లో స్థాపించిన సంస్థ 2009లో జోహో అన్న పేరు పెట్టుకున్నది. 2010లో మొదలైన ఫ్రెష్‌డెస్క్ తరువాత ఫ్రెష్‌వర్క్స్ అయింది. దాని స్థాపకులలో ముఖ్యుడైన గిరీష్ మాతృభూతం అంతకుముందు జోహోలోనే పనిచేశాడు.

జోహో బయటి పెట్టుబడిదారుల సొమ్ము తీసుకోకుండా తన సంపాదన మీదే ఎదిగింది. దాని షేర్లు మార్కెట్‌లో లేవు. వడ్డీకి దూరంగా ఉండదలచిన ముస్లిం పెట్టుబడిదారుకు ఇటువంటి నడవడి ఎంతో నచ్చుతుంది, కాని అందులో వాటా కొనే అవకాశం అతనికి లేదు. అతడు దానికి ఖాతాదారుడు మాత్రమే కాగలడు. మార్కెట్‌లో దొరుకుతున్నది ఫ్రెష్‌వర్క్స్. దాని సంగతి కొంత వివరంగా చూడవలసి ఉన్నది.

వాటాదారుడు ఏమి చూడాలి?

2021 సెప్టెంబరు 22న ఫ్రెష్‌వర్క్స్ షేరు అమెరికాలోని నాస్‌డాక్ మార్కెట్‌లో ప్రవేశించింది. కంపెనీ నిర్ణయించిన ధర 36 డాలర్లు. ఆ రోజు ముగిసేసరికి అది 47 డాలర్ల 55 సెంట్లకు చేరింది. వందలాది ఉద్యోగులు కోటీశ్వరులయ్యారని పత్రికలు వ్రాశాయి. 2024 మధ్యకాలానికి అదే షేరు 12 డాలర్ల దగ్గరకు దిగింది.

మరి కంపెనీ వ్యాపారం పడిపోయిందా? లేదు. 2021లో సుమారు 37 కోట్ల డాలర్లుగా ఉన్న ఆదాయం 2024లో 72 కోట్లకు పెరిగింది. వ్యాపారం దాదాపు రెండింతలయింది, షేరు నాలుగోవంతుకు దిగింది. ఇందులో విచిత్రమేమీ లేదు. వ్యాపారం ఒకటి, ఆ వ్యాపారానికి నలుగురూ కట్టే ఖరీదు మరొకటి. మిరప పంట బాగా వచ్చిన ఏడే మిరప ధర పడిపోవడం ఈ ప్రాంతపు రైతుకు తెలియనిది కాదు.

ఈ రంగంలో వాటాదారుడు మూడు విషయాలు పరిశీలించాలి. మొదటిది, పాత ఖాతాదారులు నిలుస్తున్నారా? కొట్టుకు కొత్తవారు వస్తున్నా, పాతవారు జారిపోతూ ఉంటే ఆ కొట్టు చిల్లుకుండ వంటిది. నిరుడు ఖాతాదారులు 100 రూపాయలు ఇచ్చి ఉంటే, ఈ ఏడు అదే ఖాతాదారులు, మానుకున్నవారిని కూడా లెక్కలో పెట్టి, ఎంత ఇచ్చారన్నది ఈ కంపెనీలు ప్రకటిస్తాయి. ఫ్రెష్‌వర్క్స్‌లో ఈ సంఖ్య మార్కెట్‌కు వచ్చిననాడు 118. 2024 నాటికి 110కి లోపు. అంటే పాత ఖాతాదారులు ఉన్నారు గాని, మునుపటివలె ఖర్చు పెంచడం లేదు. షేరు దిగడానికి గల కారణాలలో ఇది ఒకటి.

రెండవది, ఒక ఖాతాదారుని తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు. ప్రకటనలకు, అమ్మకపు సిబ్బందికి పెట్టిన ఖర్చు తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో చూడాలి.

మూడవది, జీతాలకు బదులు ఇచ్చే షేర్లు. కంపెనీ ఉద్యోగులకు కొత్త షేర్లు ఇస్తూ పోతే పాత వాటాదారుని భాగం పలుచబడుతుంది. పదిమంది అన్నదమ్ముల పొలంలో పదకొండోవాడికి వాటా వ్రాసినట్లే. ఆదాయం పెరిగినా ఒక్కొక్క వాటాకు వచ్చేది పెరగకపోవచ్చు.

వీటికి తోడు ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. ఇంతవరకు ఈ కంపెనీలు మనుషుల తలలు లెక్కపెట్టి అద్దె వసూలు చేశాయి. ఖాతాదారునితో మాట్లాడే పని యంత్రమే చేస్తే తలలు తగ్గుతాయి, తలకింత అన్న అద్దె కూడా తగ్గుతుంది. అందుకే 2024లో సేల్స్‌ఫోర్స్ తన కొత్త సాధనానికి ఒక్కొక్క సంభాషణకు 2 డాలర్ల చొప్పున ధర ప్రకటించింది. తన సహాయ విభాగంలో 9,000 మంది చేసే పనికి ఇప్పుడు సుమారు 5,000 మందే సరిపోతున్నారని 2025లో దాని అధిపతి స్వయంగా చెప్పాడు. వాటాదారునికి లాభంగా కనబడేది, అదే ఇంట్లోని ఉద్యోగికి నష్టం కావచ్చు. ఉద్యోగమూ, కూడబెట్టిన సొమ్మూ రెండూ ఒకే కంపెనీ మీద ఆధారపడి ఉంటే, ఒక దెబ్బకు రెండూ పోయే ప్రమాదం ఉన్నది. కంపెనీ ఇచ్చిన షేర్లను అట్టే పెట్టుకొన్న యువకులు ఆలోచించవలసిన విషయమిది.

షరీఅత్ గీటురాయి

ఇక రెండవ ప్రశ్న. షేరు కొనడమంటే ఆ కంపెనీలో భాగస్వామి (షరీక్) కావడం. కంపెనీని నడిపేవారు ఒక విధంగా భాగస్వాముల ప్రతినిధులు (వకీళ్లు). వారు ఆ సొమ్మును వడ్డీకి ఇస్తే, వడ్డీకి తెస్తే, ఆ మచ్చ కొంతవరకు భాగస్వామికి కూడా అంటుతుంది. "నా చేతితో నేను వడ్డీ తీసుకోలేదు గదా" అన్న సమాధానం ఇక్కడ పూర్తిగా చెల్లదు.

దీని మీద ధర్మవేత్తలలో రెండు ముఖ్యమైన అభిప్రాయాలున్నాయి. 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, మూల వ్యాపారం ధర్మసమ్మతమే అయినా అప్పుడప్పుడు వడ్డీ వంటి నిషిద్ధ వ్యవహారాలు చేసే కంపెనీల వాటాలు కొనడం సూత్రరీత్యా నిషిద్ధమని తీర్మానించింది. మరికొందరు విద్వాంసులు, నేటి లోకంలో వడ్డీ సోకని పెద్ద కంపెనీ దొరకడం దుర్లభమని, సామాన్య ముస్లింలకు పెట్టుబడి మార్గం పూర్తిగా మూసుకుపోకూడదని తలచి, కొన్ని షరతులతో అనుమతించారు. ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ వీరిలో ప్రసిద్ధులు. వడ్డీ వ్యవహారం తమకు సమ్మతం కాదని వాటాదారుడు కంపెనీ సభలో తెలియజేయాలన్నది ఆయన చెప్పిన షరతులలో ఒకటి.

బహ్రెయిన్‌లోని ఆవోయిఫి సంస్థ తన 21వ ప్రమాణంలో ఈ షరతులకు లెక్కలు కట్టింది. మూల వ్యాపారం హలాల్ అయి ఉండాలి. వడ్డీ అప్పులు కంపెనీ మార్కెట్ విలువలో నూటికి 30కి మించరాదు. వడ్డీ తెచ్చే డిపాజిట్లు కూడా నూటికి 30కి మించరాదు. నిషిద్ధ మార్గాల ద్వారా వచ్చే రాబడి మొత్తం రాబడిలో నూటికి 5కు మించరాదు. మార్కెట్ విలువకు బదులు కంపెనీ ఆస్తుల మీద లెక్క కట్టే పద్ధతి కూడా ఉన్నది. మన దేశంలో టాసిస్ సంస్థ ఆ మార్గాన్ని అనుసరించింది. 2010 డిసెంబరులో బొంబాయి షేర్ మార్కెట్ ఆ సంస్థతో కలిసి 50 కంపెనీల షరీఅత్ సూచీని ప్రారంభించింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించవలసి ఉన్నది. నూటికి 5 వరకు వడ్డీ హలాల్ అని ఈ ప్రమాణం చెప్పడం లేదు. వడ్డీ ఒక్క పైసా అయినా హరామే. సంస్థలో ఆ మాత్రం కల్తీ ఉన్నా భాగస్వామిగా ఉండవచ్చునని, అయితే తన వంతుకు వచ్చిన కల్తీని విడదీసి వదిలించుకోవాలని మాత్రమే దాని భావం.

పోటీ మారితే లెక్క మారుతుంది

ఇప్పుడు ఫ్రెష్‌వర్క్స్‌ను ఈ గీటురాయి మీద గీసి చూద్దాం. ఇది పద్ధతిని వివరించే స్థూలమైన లెక్కే గాని ఫత్వా కాదు.

2021లో మార్కెట్‌కు వచ్చి సేకరించిన సొమ్ముతో కలిపి కంపెనీ వద్ద సుమారు 130 కోట్ల డాలర్ల నగదు, పత్రాలు ఉండేవి. మొదటిరోజు ముగింపు ధర ప్రకారం కంపెనీ మొత్తం విలువ సుమారు 1,300 కోట్ల డాలర్లు. ఆ సొమ్మంతా వడ్డీకి పెట్టారని అనుకున్నా అది విలువలో నూటికి 10 మాత్రమే. పైగా ఆనాడు అమెరికాలో వడ్డీ రేట్లు సున్నాకు దగ్గరగా ఉన్నాయి, కనుక రాబడిలో వడ్డీ భాగం నామమాత్రం. రెండు పరీక్షల్లోనూ కంపెనీ సులభంగా నెగ్గుతుంది.

మూడేళ్ల తరువాతి సంగతి చూడండి. షేరు 12 డాలర్లయితే, సుమారు 30 కోట్ల షేర్లకు కంపెనీ విలువ 360 కోట్ల డాలర్లు. చేతిలో ఉన్న సొమ్ము సుమారు 100 కోట్లు. అంటే నూటికి 28. సొమ్ము తగ్గినా నిష్పత్తి 30 గీత దగ్గరకు వచ్చింది. అమెరికా కేంద్ర బ్యాంకు 2022 మార్చి నుండి వడ్డీ రేట్లు పెంచుతూ 2023 నాటికి నూటికి 5 దాటించింది. 100 కోట్ల మీద నూటికి 5 చొప్పున వచ్చిందనుకుంటే వడ్డీ 5 కోట్లు. 72 కోట్ల ఆదాయం పక్కన అది నూటికి 6, 7 మధ్య ఉంటుంది. నూటికి 5 అన్న గీత దాటిపోయింది.

కంపెనీ తన వ్యాపారం మార్చుకోలేదు. మద్యం అమ్మలేదు, జూదశాల పెట్టలేదు. అదే సరుకు, అవే ఊళ్లు, అదే సిబ్బంది. అయినా పోటీలో వెనుకబడి షేరు దిగినందువల్ల ఒక నిష్పత్తి మారింది. దూరదేశంలో వడ్డీ రేటు పెరిగినందువల్ల మరొకటి మారింది. 2021లో "హలాల్" అని ఎవరో చెప్పిన మాట పట్టుకొని 2024 వరకు కళ్లు మూసుకున్న వాటాదారునికి ఈ సంగతి తెలియనే తెలియదు. 2024 నవంబరులో ఆ కంపెనీ 40 కోట్ల డాలర్ల వరకు వెచ్చించి తన షేర్లు తానే కొనే కార్యక్రమం ప్రకటించింది. దానితో నగదు, షేర్ల సంఖ్య రెండూ మారుతాయి. లెక్క మళ్లీ మొదటినుండి వేయవలసిందే.

దీనికి భిన్నంగా సేల్స్‌ఫోర్స్‌ను చూస్తే, 2025 జనవరి నాటికి దానికి సుమారు 840 కోట్ల డాలర్ల అప్పు, 1,400 కోట్ల డాలర్ల నగదు, పత్రాలు ఉన్నాయి. సామాన్యునికి ఇవి భయంకరమైన మొత్తాలు. కాని ఆనాటి కంపెనీ విలువ 30,000 కోట్ల డాలర్ల పైమాట కనుక రెండూ నూటికి 5 లోపే. వడ్డీకి అప్పు తెచ్చిన పెద్ద కంపెనీ పరీక్ష నెగ్గడం, కేవలం చేతిలో నిలవ ఉన్న సొమ్ము కారణంగా చిన్న కంపెనీ తప్పడం కొందరికి అన్యాయంగా తోస్తుంది. ఈ ప్రమాణాల పరిమితి ఇక్కడ బయటపడుతుంది. ఇవి కల్తీ పాలు ఎంతో కొలుస్తాయి గాని, మనుషుల ఉద్దేశాలను కొలవవు. మార్కెట్ విలువకు బదులు ఆస్తుల మీద లెక్క కట్టాలన్న వారి వాదానికి బలం కూడా ఇక్కడే ఉన్నది. ధర రోజూ ఊగుతుంది, ఆస్తులు అంతగా ఊగవు.

మరొక ప్రశ్న కూడా ఉన్నది. ఈ సాఫ్ట్‌వేర్‌ను బ్యాంకులు, బీమా కంపెనీలు కూడా వాడుతున్నాయి. అందరికీ పనికివచ్చే సాధనాన్ని బ్యాంకు వాడినంత మాత్రాన తయారీదారుని వ్యాపారం హరామ్ కాదు. కమ్మరి చేసిన కత్తిని ఎవరు ఏమి కోయడానికి వాడినా దోషం కమ్మరిది కాదు. కాని సేల్స్‌ఫోర్స్ వంటి కంపెనీలు బ్యాంకుల కోసమే ప్రత్యేకంగా కొన్ని సరుకులు తయారుచేస్తాయి. అటువంటి ఆదాయాన్ని ఏ కోవలో వేయాలన్నది జాగ్రత్తపరులు విద్వాంసులను అడిగి తెలుసుకోవలసిన విషయం.

వ్యాపారం ఎక్కడ ముగుస్తుంది, జూదం ఎక్కడ మొదలవుతుంది?

పోటీని తెలుసుకొని, లాభనష్టాలు రెండింటికీ సిద్ధపడి వాటా కొనడం వ్యాపారం. కంపెనీ పేరు తప్ప ఏమీ తెలియకుండా, మూడు నెలలకొకసారి లెక్కలు వెల్లడయ్యే రాత్రి షేరు ఎక్కుతుందా, దిగుతుందా అని పందెం వేయడం జూదానికి (మైసిర్) దగ్గరి చుట్టం. ముందుధరల ఒప్పందాలు, ఆప్షన్లు, తన వద్ద లేని షేరును అమ్మడం, వడ్డీ అప్పుతో షేర్లు కొనడం ఆవోయిఫి ప్రమాణం ప్రకారం సమ్మతం కావు. భారతీయులు విదేశీ షేర్లు కొనడానికి వీలు కల్పించే రిజర్వు బ్యాంకు పథకం కింద మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. ఆ పథకం కూడా అప్పు మీద షేర్ల వ్యాపారాన్ని అనుమతించదు. ఇక్కడ దేశ చట్టమూ షరీఅత్తూ ఒకే మాట చెబుతున్నాయి.

కొనే ఉద్దేశం లేకుండా ఇతరులను మోసగించడానికి ధర పెంచి పలకడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిషేధించారు. దీనిని "నజష్" అంటారు. తాను ముందే చవకగా కొని పెట్టుకొన్న షేరును "రెండింతలవుతుంది, కొనండి" అని ఫోనుల ద్వారా ఊరంతా ప్రచారం చేసి, ధర పెరగగానే అమ్ముకొని తప్పుకోవడం ఆ కోవలోనిదే. అటువంటి సలహా నమ్మి సొమ్ము పెట్టినవాడు నష్టపోతాడు, ఇచ్చినవాడు పాపం మూటగట్టుకుంటాడు.

ఆచరణ ఎట్లా?

అమెరికా మార్కెట్‌లో ఉన్న అమెరికన్ కంపెనీలు సాధారణంగా ఏటా ఒక పెద్ద నివేదికను, మిగిలిన మూడు త్రైమాసికాలకు చిన్న నివేదికలను అక్కడి ప్రభుత్వ సంస్థకు సమర్పించాలి. వాటిని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ఇంట్లో ఇంగ్లీషు, లెక్కలు తెలిసిన పిల్లలుంటే వారిచేత నాలుగు అంకెలు తీయించాలి: వడ్డీ అప్పు ఎంత, వడ్డీకి పెట్టిన సొమ్ము ఎంత, వడ్డీ రాబడి ఎంత, మొత్తం ఆదాయం ఎంత. షేర్ల సంఖ్యను ఆనాటి ధరతో హెచ్చిస్తే కంపెనీ విలువ వస్తుంది. తరువాతిది భాగహారం మాత్రమే.

వదిలించుకోవలసిన సొమ్ము లెక్క కూడా అంత కష్టం కాదు. కంపెనీకి ఏడాదిలో 5 కోట్ల డాలర్ల వడ్డీ వచ్చి, షేర్లు 30 కోట్లుంటే, ఒక్కొక్క షేరుకు సుమారు 17 సెంట్లు. 100 షేర్లున్నవారు 17 డాలర్లు పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలి. కంపెనీ లాభాంశం పంచినప్పుడే ఇది వర్తిస్తుందని కొందరి అభిప్రాయం. పంచినా పంచకపోయినా, లాభం వచ్చినా నష్టం వచ్చినా ఇవ్వవలసిందేనని ఆవోయిఫి ప్రమాణం. లాభాంశం పంచని ఫ్రెష్‌వర్క్స్ వంటి కంపెనీల విషయంలో ఈ రెండవ అభిప్రాయమే మనసుకు నిశ్చింత కలిగిస్తుంది. ఇది జకాత్ కాదు. షేర్ల మీద జకాత్ వేరుగా లెక్కించాలి. అమ్మే ఉద్దేశంతో కొన్న షేర్లకు మార్కెట్ ధర మీద నూటికి రెండున్నర చొప్పున చెల్లించాలి. దీర్ఘకాలం ఉంచుకొనే వాటి విషయంలో దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఒకవేళ కంపెనీ గీత దాటితే ఏమి చేయాలి? నష్టానికైనా సరే అమ్మివేయాలా అన్నది బాధాకరమైన ప్రశ్న. షేరు దిగినప్పుడే నిష్పత్తి చెడుతుంది గనుక, అమ్మవలసి వచ్చేది సరిగ్గా నష్టం ఎక్కువగా ఉన్న సమయంలోనే. హజ్ సొమ్మును, పెళ్లి సొమ్మును ఇటువంటి ఒక్క కంపెనీ మీద పెట్టకూడదనడానికి ఇంతకన్న బలమైన కారణం అక్కరలేదు. నిర్ణీత సమయానికి కావలసిన సొమ్ము వేరు, పదేళ్లు కదిలించనక్కరలేని సొమ్ము వేరు. మొదటిదాన్ని ఊగిసలాడే వాటాలో పెట్టినవాడు, అమ్మవలసిననాడు ధర్మానికీ అవసరానికీ మధ్య నలిగిపోతాడు.

జగ్గయ్యపేట కొట్టులోని వ్యాపారి ప్రతి సాయంత్రం చిట్టా తెరిచి చూసుకుంటాడు. పక్క కొట్టు ఎంత అమ్మిందో చూసి ఊరుకోడు, తన బాకీలు, తన నిలవలు సరిచూసుకొని గాని లేవడు. ఖాతాదారుల లెక్కలు వ్రాయడమే వృత్తిగా పెట్టుకొన్న కంపెనీలలో వాటా కొన్నవారు తమ లెక్క తాము వ్రాసుకోకపోవడం వింతైన విషయం. సంపదను ఎట్లా సంపాదించావు, ఎందులో ఖర్చు చేశావు అన్న రెండు ప్రశ్నలకు ప్రళయదినాన ప్రతి మనిషీ సమాధానం చెప్పుకోవలసి ఉన్నది. మూడు నెలలకొకసారి అరగంట కూర్చొని వేసే ఈ చిన్న లెక్క, ఆ పెద్ద లెక్కకు సిద్ధపడడంలో ఒక భాగమే. వాస్తవం అల్లాహ్‌కే తెలుసు.